పది రూపాయల బిళ్ల చెల్లదన్నదెవరు?

మొన్న రైతుబజారులో గోంగూర అమ్మే అవ్వ కొంగుముడి విప్పి మూడు పది రూపాయల బిళ్లలు నా చేతిలో పెట్టింది. ‘ఇవి నువ్వు తీస్కొని నోట్లియ్యి బిడ్డా, ఆటోవాడు తీస్కుంటలేడు’ అంది. ఇచ్చాను. ఆమె పొద్దుట్నుంచి ఎండలో కూర్చుని సంపాదించిన దాంట్లో ముప్ఫై రూపాయలు ఎవరో పుట్టించిన పుకారుకి బలైపోబోయాయి. దాని సంగతి ఇవాళ తేల్చేద్దాం.

అపోహ: పది రూపాయల బిళ్ల రద్దయింది

ఎప్పుడు? ఏ తేదీన? ఎవరు చెప్పారు? మన ప్రభుత్వం డబ్బు రద్దు చేస్తే గుట్టుగా చేయదు. 2016 నవంబరు 8న ప్రధాని టీవీలోకొచ్చి పెద్దనోట్లు రద్దని చెప్పారు, ఆ తర్వాత దేశమంతా క్యూలో నిలబడింది. పావలా బిళ్లని కూడా 2011 జూన్ 30 అని గడువు చెప్పి మరీ ఆపారు. పది రూపాయల బిళ్లకి అలాంటి తేదీ లేదు. ఉన్నది వాట్సాప్ ఫార్వర్డు ఒక్కటే.

‘₹ గుర్తు లేనిది దొంగది’, ‘పదిహేను గీతలుంటే చెల్లదు, పదే ఉండాలి’ అని దానికి తోకలు కూడా ఉన్నాయి. ఆ గుర్తుని మన దేశం ఎంచుకున్నదే 2010లో. అంతకుముందు తయారైన బిళ్లమీద అది ఎలా ఉంటుంది? తర్వాత పెట్టిన ఇంటిపేరు లేదని తాతని ఇంట్లోంచి గెంటేస్తామా? పది రూపాయల నాణేలు 14 రకాలున్నాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించింది. అనుమానం తీర్చుకోవడానికి 14440 అని ఉచిత నంబరు కూడా పెట్టింది. ఇంకేం చేయాలి, ఇంటింటికీ వచ్చి బొట్టుపెట్టి చెప్పాలా?

నకిలీ బిళ్లలు అసలు లేవని నేననను. నకిలీ ఐదొందల నోట్లూ ఉన్నాయి. ఐదొందలు వద్దన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

అవ్వ ఇచ్చిన బిళ్లల్లో ఒకటి తీసి దారిలో టీకొట్టులో ఇచ్చాను. ‘చెల్లదు సార్.’ తిప్పి చూపించాను: సంవత్సరం కింద చిన్న నక్షత్రం. అది హైదరాబాదు టంకశాల ముద్ర. మేం నిలబడ్డ చోటికి ఆ చర్లపల్లి టంకశాల పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. మా ఊళ్లో అచ్చయిన డబ్బు మా ఊళ్లోనే చెల్లదట! అతను నవ్వి అసలు మాట చెప్పాడు: ‘దొంగదని నేనంటలేను సార్. నేను తీస్కుంటే రేపు నా కాడ ఎవరు తీస్కుంటరు?’

పుకారుని బతికిస్తున్నది ఆ మాటే. టీకొట్టతనికి తెలుసు, ఆటోవాడికీ తెలుసు బిళ్ల మంచిదేనని. పక్కవాడు తీసుకోడేమోనన్న భయంతో ప్రతివాడూ తనే పక్కవాడవుతున్నాడు. ఈలోగా చెమటకి మెత్తబడి, టేపు అంటించుకున్న పది నోటు మాత్రం రాజాలా తిరుగుతోంది.

అపోహ: బిళ్లలు బ్యాంకులోనూ తీసుకోరు

ఇక్కడ మాత్రం నేను కొంచెం తగ్గాలి. నిబంధన ప్రకారం ఇది అబద్ధమే. ఖాతాదారు ఎన్ని నాణేలైనా జమ చేయవచ్చు, పరిమితి లేదు. కానీ మా వీధి కిరాణా ఆయన సంచీతో వెళితే కౌంటర్లో ‘లెక్కపెట్టే మనిషి లేడు, వచ్చేవారం రండి’ అన్నారు. మూడు వారాలు అదే వారం! అలాంటాయన బిళ్లలు వద్దంటే తప్పు పూర్తిగా ఆయనదేనని అనలేను. పైగా నాణేల చట్టం ప్రకారం ఒక చెల్లింపులో రూపాయి, ఆపై విలువ నాణేలు 1000 రూపాయల వరకే చట్టబద్ధం. బస్తాడు చిల్లర తెచ్చి బైకు కొంటానంటే షోరూమువాడు కాదనవచ్చు.

మిగతావి చకచకా

ఐదొందల నోటు నంబరులో నక్షత్రముంటే నకిలీ: కాదు, అచ్చు చెడిన నోటుకి బదులు వేసినది.

పెన్నుతో రాసిన నోటు చెల్లదు: చెల్లుతుంది. అలాగని లెక్కలు దానిమీద వేయకండి.

అర్ధరూపాయి పోయింది: పోలేదు, మనమే మర్చిపోయాం.

రెండు వేల నోటులో చిప్పు: నోటే వెనక్కి వెళ్లిపోయింది, చిప్పు ఇంకా ఎవరికీ దొరకలేదు.

మరేం చేయాలి? ముందు మీరు తీసుకోండి. తర్వాత మొహమాటపడకుండా ఇవ్వండి. ఒక కొట్టువాడు కాదంటే వాదనకి దిగకుండా పక్క కొట్టుకి వెళ్లండి. బేరం పోతే పుకారు కూడా పోతుంది. బ్యాంకు వద్దంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్ఫై రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

అవ్వ ఇచ్చిన మూడింట్లో ఒకటి ఆ రోజే మూడో టీకొట్టులో చెల్లింది. రెండు జేబులో ఉన్నాయి. హుండీలో వేసేయమంది మా ఆవిడ. వేయను. దేవుడు ఎలాగూ కాదనడు, తీసుకోవాల్సింది ఆటోవాడు.