ఇంటిదారి పట్టిన యాత్రికులు

కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 దాకా పదిహేను యాత్రకీర్తనలు ఉన్నాయి. పండుగలకు యెరూషలేము ఎక్కి వెళ్ళేవాళ్ళు పాడుకున్నవని పెద్దలు చెబుతారు. దిగి ఇళ్ళకు పోయేవాళ్ళకు అలా విడిగా పాటలు లేవు గానీ కథలున్నాయి. పస్కా పండుగ చూసుకుని తిరిగొస్తున్న గుంపులో పన్నెండేళ్ళ యేసు లేడని యోసేపు, మరియలకు తెలిసింది ఒక రోజు ప్రయాణం అయ్యాకే. ఐతియొపీయ అధికారి ఫిలిప్పును కలిసింది కూడా యెరూషలేములో ఆరాధన ముగించుకుని గాజా దారిన ఇంటికి పోతున్నప్పుడే. ఆ అధికారికి అర్థం కావలసింది గుడిలో కాదు, రథంలో అర్థమైంది. అందుకే పరిశుద్ధ దేశ యాత్ర గురించి ఎవరడిగినా నేను తిరుగు ప్రయాణం దగ్గర మొదలుపెడతాను.

మాది గుంటూరులో లూథరన్ సంఘం. బడిలో పంతులమ్మగా రిటైరయ్యాక, ఆదివారపు బడి పిల్లల్ని వదిలి నేను దూరం వెళ్ళింది ఈ యాత్రకే. మాతో వచ్చినవాళ్ళలో ఉద్యోగులు కొందరే. ఎక్కువమంది చీటీలు కట్టి, ఏళ్ళ తరబడి కూడబెట్టి వచ్చినవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు సాయం చేస్తుంది. 2019లో ఆ సాయాన్ని పెంచి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు 60,000 రూపాయలు, అంతకు మించినవాళ్ళకు 30,000 చేసింది. మిగతాది మనమే పెట్టుకోవాలి.

మన వైపు నుంచి వెళ్ళే బృందాలు చాలావరకు జోర్డాన్‌లో దిగి, ఇశ్రాయేలు చూసుకుని, ఈజిప్టులో విమానం ఎక్కుతాయి. యెరూషలేములో మా ఆఖరి ఉదయం తోట సమాధి దగ్గర గడిచింది. ప్రాచీన సంఘాలు ప్రభువు సమాధిగా కొలిచేది పాత నగరం లోపలి పెద్ద చర్చిని. దమస్కు గుమ్మం బయటున్న ఈ తోటలోని రాతి సమాధి 1867లో బయటపడింది. 1894 నుంచి ఒక బ్రిటిష్ సంస్థ దీన్ని చూసుకుంటోంది. ఏది అసలుదన్న వాదం పండితులది. మాకు ఆ చెట్ల కింద బల్లలు చూపించారు. మా పాస్టరు అయ్యగారు తెలుగులో ప్రభువు బల్ల జరిపించారు. పక్క బృందం ఏదో భాషలో పాడుతోంది, రాగం మాత్రం మాకు తెలిసిందే. సమాధి గుమ్మం ముందు నేలమీద పొడుగ్గా చెక్కిన కాలవ ఉంది. రాయి దొర్లించేది అందులోనే అంటారు. బస్సులో మా వెనక సీటు పెద్దమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చి, "ఏమీ లేదమ్మా, ఉత్త గదే" అంది. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అంది, "ఏమీ లేకపోవడమే కదమ్మా మన నమ్మకం!" ఇంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు.

ఆ తర్వాత సరిహద్దు దాకా దారంతా దక్షిణానికే. తాబా సరిహద్దులో సామాను ఈడ్చుకుంటూ ఈజిప్టులోకి నడిచాం. సీనాయి ఎడారి దాటి, సూయజ్ కాలువ కింద తవ్విన అహ్మద్ హమ్దీ సొరంగం గుండా కైరో చేరాం. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు తిరిగిన ఎడారిని మేము ఎదురు దిశలో, ఏసీ బస్సులో దాటేశాం. యాత్ర యెరూషలేములో ముగియాలి గానీ ఈజిప్టులో ఏమిటని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే అదే సరైన ముగింపు అనిపించింది. పాత కైరోలో అబూ సెర్గా చర్చి మెట్లు దిగితే, హేరోదుకు భయపడి వచ్చిన పరిశుద్ధ కుటుంబం తలదాచుకుందని కోప్టిక్ క్రైస్తవులు నమ్మే చిన్న గుహ ఉంది. యోసేపు బిడ్డనూ తల్లినీ తీసుకుని ఇంటిదారి పట్టింది ఈ దేశం నుంచే.

చివరి రాత్రి హోటల్లో సాక్ష్యాలు, ఆ వెంటనే సర్దుళ్ళు. ఆవకాయ డబ్బాలు ఖాళీ అయిన చోట ఒలీవ చెక్క సిలువలు చేరాయి. చేతిసంచీలో సీసాకు 100 మిల్లీలీటర్లు మించి ద్రవాలు ఒప్పుకోరు కనక యోర్దాను నది నీళ్ళ సీసాలన్నీ పెద్ద పెట్టెల్లోకే. మూతకు టేపు చుట్టి, పాలిథిన్ సంచీలో కట్టి, పాత చీర మడతల్లో పెట్టాం. ఆ నీళ్ళలో మహిమ ఏమీ లేదని అయ్యగారు మళ్ళీ గుర్తుచేశారు. ఆయన మాట నిజం. అయినా మంచంలో ఉన్న అత్తగారి కోసం ఒక కోడలు అంత దూరం నుంచి మోసుకొస్తున్న సీసాను ఉత్త నీళ్ళని నేను అనలేను.

గల్ఫ్ మీదుగా శంషాబాద్‌లో దిగాం. సంఘంవాళ్ళు పూలదండలతో వచ్చారు. వ్యాన్‌లో సూర్యాపేట దాటేదాకా ఒకటే కబుర్లు, ఆ తర్వాత అందరూ నిద్ర. ఆదివారం కృతజ్ఞతారాధనలో ఒక్కొక్కరం రెండేసి నిమిషాలు మాట్లాడాం. రెండు నిమిషాల్లో ఏం చెప్పగలం? అసలు ప్రశ్నలు ఆదివారపు బడిలో పిల్లలే అడిగారు. గలిలయ సముద్రం ఎంత ఉంటుంది టీచర్ అని ఒకడు. పొడవు 21 కిలోమీటర్లు, గుంటూరు నుంచి మంగళగిరి అంత అన్నాను. "అంత చిన్నదానికి సముద్రమని ఎందుకన్నారు? అందులో తుఫాను ఎలా వస్తుంది?" అని వెంటనే ఇంకొకడు. చుట్టూ కొండలనీ, మధ్యలో సరస్సు సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకు పైగా లోతున ఉందనీ, కొండల మీది చల్లగాలి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడుతుందనీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. వచ్చే వారం యోర్దాను గురించి చెప్పమన్నారు.