పొద పట్టిన ఇసుక

దేవరకొండ చెలకల్లో ఎండాకాలపు గాలి లేచిందంటే ఎర్రదుమ్ము ఇంటి దూలాల దాకా వస్తుంది. ప్రియ చదువరులారా, అది ఎక్కడి దుమ్మో కాదు, మన పొలం పైమట్టే. గట్లమీది తంగేడును, వెంపలిని, రేగుకంపను పనికిరానివని కొట్టి పొయ్యిలో పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాము గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన దగ్గర మట్టి పోతుంది. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక వచ్చి పడుతుంది. అక్కడ వేదవతి నదిని హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఎండే ఉంటుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో నది ఇసుక లేచి, ఒడ్డు దాటి చేలమీద పడుతుంది. అలా పడీ పడీ దిబ్బలు కట్టింది. వానలేక పంట పోతే మళ్లీ ఏడు విత్తుకోవచ్చు. చేనే ఇసుక కిందికి పోతే ఆ రైతు ఎక్కడ విత్తాలి?

గాలికి కదిలే ఇసుకలో ఎక్కువ భాగం నేలనుంచి అడుగు ఎత్తులోపే గెంతుతూ పోతుంది. అందుకే ఎత్తయిన చెట్టుకంటే నేలనంటి గుబురుగా పెరిగే పొదే దాన్ని బాగా పట్టుకుంటుంది. అయితే వట్టి ఇసుకలో మొక్క పెడితే వేరు పట్టకముందే కప్పబడిపోతుంది, లేదా వేళ్లు బయటపడి ఎండుతుంది. జోధ్‌పూరులో 1959 నుంచి ఉన్న కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థవారు ముందు ఎండుకంపను గాలికి అడ్డంగా వరుసలుగా పాతించి, ఆ మరుగున పొదలు, గడ్డి పెట్టించారు. చైనాలో షాపొటౌ దగ్గర 1950లలో, ఎడారి అంచున వేసే రైలుదారిని కాపాడటానికి ఎండుగడ్డిని మీటరు గళ్లుగా గుచ్చి వాటిలో పొదలు నాటారు. అక్కడ ఏడాది వాన సుమారు 180 మిల్లీమీటర్లే. మన అనంతపురానికి దాదాపు 550 ఉంటుంది.

తరువాత జరిగినది ఇంకా వింత. పొదల నీడన సన్నమట్టి, రాలిన ఆకు నిలిచాయి. నేలమీద నాచు కలిసి పలుచని పెచ్చు కట్టింది. ఎవరూ విత్తని గడ్డిజాతులు మొలిచాయి. కాని ఆ పెచ్చు కొద్దిపాటి వానను పైనే ఆపింది, లోపలి తడిని పొదలు తాగేశాయి. కొన్ని దశాబ్దాలకు నాటిన పొదలు పలచబడి గడ్డి హెచ్చింది. ఒత్తుగా నాటితే లాభం లేదన్నమాట.

సర్కారు తుమ్మ సంగతి అందరికీ తెలిసిందే. 1870లలో మన దేశానికి వచ్చిన ఆ చెట్టు ఇసుకనైతే పట్టింది, తన కింద మరో మొక్కను మాత్రం సరిగా బతకనివ్వదు.

ఏలీయా అలసి కూర్చున్న బదరీవృక్షము మనకు తెలుసు. బదరి అంటే రేగు. హెబ్రీలో ఉన్న మాట రోతెమ్. అది తెల్లపూల ఎడారి పొద, సీనాయి ఇసుకలోనూ పెరుగుతుంది. ఇన్నాళ్లూ మేము పెద్ద చెట్టునే ఊహించుకున్నాము.

గట్టుమీద పొద ఉంటే పాములు చేరతాయని మా ఇంట్లో పెద్దమ్మ పేచీ. ఆ మాటా కొట్టివేయలేము గనుక ఇంటివైపు గట్టు వదిలి, దూరపు గట్లమీద ఈసారి తొలకరికి తంగేడు విత్తనం చల్లుతున్నాము. దాన్ని మేకలు అంతగా ముట్టవు. రేగుకు మాత్రం రెండేళ్లు కంచె కట్టక తప్పదు.