మెరుపు చూసి పనిముట్టు కొనవచ్చా?

మీ ఇంట్లో ఒక పాత రేకు డబ్బానో, గుడ్డసంచో ఉండే ఉంటుంది. అందులో ఒక సుత్తి, ఒక కటింగ్ ప్లేయరు, రెండు మూడు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు ఉంటాయి. స్పానరును కొన్నిచోట్ల పానా అంటారు. సైకిలు చక్రం విప్పాలన్నా, ఫ్యాను బిగించాలన్నా ఆ సంచి బయటికి వస్తుంది. వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది మంచిదా, నాసిరకమా? ఎలా తెలుసుకోవడం?" అని ఎప్పుడైనా ఆలోచించారా?

నేనూ చాలాకాలం ఆలోచించలేదు. 1996లో ఆలోచించవలసిన రోజు వచ్చింది.

అప్పుడు నేను పనిచేస్తున్న పల్లెటూరి బడిలో నీళ్ళకు ఆధారం ఒక్క చేతిపంపే. మార్చి నెల ఎండల్లో అది నీళ్ళు తోడడం మానేసింది. లోపలి తోలు వాషర్లు అరిగిపోయాయని తెలుసు. పైభాగం విప్పితే సరిపోతుందనుకుని, సంతలో ఒక 19 నంబరు స్పానరు కొన్నాను. అద్దంలా మెరిసిపోతోంది. ధర కూడా చవక. తుప్పుపట్టిన బోల్టుకు దాన్ని తగిలించి గట్టిగా లాగాను. స్పానరు నోరు తెరుచుకుంది, పట్టు జారింది. నా పిడికిలి వెళ్ళి ఇనుప అంచుకు కొట్టుకుంది. వేళ్ళ కణుపుల మీద నాలుగు కుట్లు పడ్డాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగింది. నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి. ఇక ఏ స్పానరూ దాన్ని పట్టుకోలేదు. మెకానిక్కు వచ్చి ఆ బోల్టును రంపంతో కోసేదాకా మూడు రోజులు పిల్లలు ఇళ్ళ నుంచి సీసాలతో నీళ్ళు మోసుకొచ్చారు.

ఆ మెకానిక్కు పెద్దాయన. మిగిలిన బోల్టులను తన నల్లటి పాత స్పానరుతో నిమిషాల్లో విప్పేశాడు. నా స్పానరును చూసి నవ్వి, "మెరుపు చూసి కొన్నారా మాస్టారూ?" అన్నాడు. సైన్సు చెప్పే నాకు ఆ మాట కుట్లకన్నా ఎక్కువ నొప్పి కలిగించింది. ఆ రెండు స్పానర్లకూ తేడా ఎక్కడుందో ఇప్పుడు మనం కలిసి చూద్దాం.

నోటి మీద ఎంత బరువు?

స్పానరు ఒక తులాదండం. పిడి చివర మనం ప్రయోగించే బలాన్ని, నట్టు మధ్య నుంచి చేతి వరకు ఉన్న దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది. చేయి 22 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ, 200 న్యూటన్ల బలంతో లాగామనీ అనుకోండి. 200 × 0.22 = 44 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు స్పానరు నోటి దగ్గరికి రండి. 19 నంబరు అంటే నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరం 19 మిల్లీమీటర్లు అని అర్థం. అది బోల్టు లావు కాదు. 19 నంబరు స్పానరు పట్టే బోల్టు లావు సాధారణంగా 12 మిల్లీమీటర్లే. నట్టు ఆరు భుజాల ఆకారం కనుక, మీ గణితం ప్రకారం ఒక్కొక్క భుజం పొడవు సుమారు 11 మిల్లీమీటర్లు వస్తుంది. స్పానరు రెండు దవడలూ నట్టును ఎదురెదురు మూలల దగ్గర నొక్కుతాయి. ఆ రెండు బలాల మధ్య దూరం ఆ భుజం పొడవంతే ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క దవడ మీద పడే బలం 44 ÷ 0.011 = 4,000 న్యూటన్లు!

అంటే దాదాపు నాలుగు క్వింటాళ్ళ బరువు. 75 కిలోల ధాన్యం బస్తాలు అయిదు ఎత్తి ఆ చిన్న దవడ మీద పెట్టినట్లే. మెత్తని ఇనుముతో చేసిన దవడలు వంగిపోక ఏం చేస్తాయి?

రింగు స్పానరు సంగతి వేరు. అది నట్టును చుట్టూ పట్టుకుంటుంది. బలాన్ని ఆరు మూలలూ పంచుకుంటాయి. తెరుచుకోవడానికి దానికి నోరు అసలే లేదు. అందుకే బిగుసుకుపోయిన నట్టుకు ముందు రింగు స్పానరు వాడమంటారు.

ఉక్కులో ఏముంది?

కిటికీ ఊచలు, మేకులు మెత్తని ఉక్కుతో చేస్తారు. దానిలో కర్బనం 0.25 శాతానికి మించదు. మంచి స్పానరు ఉక్కులో కర్బనం సాధారణంగా 0.3 నుంచి 0.5 శాతం దాకా ఉంటుంది. దానికి కొద్దిగా క్రోమియం, మరికాస్త తక్కువగా వెనేడియం కలుపుతారు. స్పానర్ల మీద "క్రోమ్ వెనేడియం" అని అచ్చు వేసేది ఇందుకే. ఆకురాయిలో కర్బనం ఒక శాతం దాటుతుంది. అందుకే అది మిగతా లోహాలను అరగదీయగలదు.

మంచి ఉక్కు ఒక్కటే చాలదు. దాన్ని కాల్చి, చల్లార్చి పదును పెట్టాలి. ఈ రహస్యం తెలుసుకోవడానికి మీ సైన్సు మాస్టారి సమక్షంలో ఒక ప్రయోగం చేయండి. కళ్ళద్దాలు తప్పక పెట్టుకోండి. కుట్టు సూదులు మూడు తీసుకోండి. వాటిని ప్లేయరుతోనే పట్టుకోవాలి. వంచేటప్పుడు గుడ్డలో చుట్టి వంచాలి.

మొదటి సూదిని మంటలో ఎర్రగా కాల్చి, గాలిలో నెమ్మదిగా చల్లారనివ్వండి. అది తీగలా వంగుతుంది. రెండోదాన్ని ఎర్రగా కాల్చి, వెంటనే నీళ్ళలో ముంచండి. వంచబోతే గాజులా పుటుక్కున విరుగుతుంది. మూడోదాన్ని కూడా కాల్చి నీళ్ళలో ముంచండి. తరువాత గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, మంటకు కొంచెం ఎగువన సన్నగా వేడిచేయండి. మొదట గడ్డి రంగు, తరువాత గోధుమ రంగు, ఊదా, చివరికి సుమారు 300 డిగ్రీల దగ్గర నీలి రంగు కనిపిస్తుంది. నీలి రంగు రాగానే ఆపేయండి. ఇప్పుడా సూది కొద్దిగా వంచి వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది.

మూడు సూదులదీ ఒకే ఉక్కు, ఒకే ధర. కాల్చిన తీరులోనే తేడా. మొదటి సూదిలాంటి స్పానరు నోరు తెరుస్తుంది. రెండోదానిలాంటిది విరిగి ముక్క ఎగిరి వస్తుంది. మనకు కావలసింది మూడోదానిలాంటిది. పనిముట్టుకు మనమిచ్చే ధరలో కొంత ఈ కొలిమి పనికే పోతుంది. ఆ ఖర్చు మిగుల్చుకున్న తయారీదారు స్పానరును చవకగా ఇవ్వగలడు. పైన మెరుగు పెట్టడం మాత్రం మరచిపోడు. మెరుపు విద్యుత్తుతో పూసిన పలచని పూత. అది తుప్పును ఆపుతుంది. బలాన్ని పెంచదు. పూతలేని నల్ల స్పానరు బలంలో ఏమాత్రం తక్కువ కాకపోవచ్చు.

కొట్లో చేయగల పరీక్షలు

పనిముట్లు కొనడానికి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళినా, సికింద్రాబాదు రాణీగంజ్‌కు వెళ్ళినా, మీ ఊరి కొట్టుకు వెళ్ళినా జేబులో ఒక కొత్త నట్టు వేసుకెళ్ళండి. స్పానరు నోట్లో దాన్ని పెట్టి ఆడించి చూడండి. సులభంగా దూరాలి, కానీ గిలకకాయలా ఊగకూడదు. ఇంటికి వచ్చాక బడిలోని వెర్నియర్ కాలిపర్సుతో కొలవండి. 19 నంబరు స్పానరు నోరు 19 మిల్లీమీటర్లకన్నా రెండు మూడు పదోవంతులు ఎక్కువ ఉండవచ్చు. అర మిల్లీమీటరు దాటితే పనికిరాదు. నోరు వదులైతే దవడ నట్టు ముఖానికి ఆనక, మూల మీదనే పడుతుంది. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా! నట్టు మూలలు అరిగేది అందువల్లనే.

కటింగ్ ప్లేయరును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. కోసే అంచుల మధ్య వెలుగు కనిపించకూడదు. ఒక పలచని కాగితాన్ని కోసి చూడండి. కీలు దగ్గర పక్కలకు ఊగకూడదు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన కరెంటు కొట్టదని నమ్మకండి. విద్యుత్ పనికి పరీక్షించిన ప్లేయరు మీద 1000 వోల్టుల గుర్తు ఉంటుంది. అది ఉన్నా సరే, మెయిను ఆపకుండా తీగను ముట్టుకోవద్దు.

సుత్తి పిడిలో కర్ర నార పొడవునా సాగి ఉండాలి, అడ్డంగా పోకూడదు. ఒక సుత్తితో మరో సుత్తి ముఖాన్ని ఎన్నడూ కొట్టకండి. రెండూ గట్టి ఉక్కే. పెచ్చు లేచి కంట్లో పడవచ్చు.

ముద్రలు కూడా చూడండి. మన దేశంలో చేతి పనిముట్లకు పేరుపడ్డవి పంజాబులోని జలంధరు, లుధియానా, రాజస్థాన్‌లోని నాగౌరు. వీటి తయారీకి సాయపడేందుకు జలంధరులో 1983లో ఒక కేంద్ర సంస్థను కూడా నెలకొల్పారు. నోరు తెరిచి ఉండే స్పానర్లకు ఐ.ఎస్. 2028, కటింగ్ ప్లేయర్లకు ఐ.ఎస్. 3650 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. తయారుచేసినవారి పేరు, సైజు, ఐ.ఎస్.ఐ. ముద్ర స్పష్టంగా ఉన్నవాటిని ఎంచుకోండి. పేరు చెప్పుకోని పనిముట్టుకు పూచీ ఎవరిది?

పాతవి పనికిరావా?

తప్పక పనికివస్తాయి. తక్కువ ధరలో మంచి ఉక్కు దొరికేది చాలాసార్లు పాత సామాన్ల దగ్గరే. అయితే కంటికి కనపడని బీటలు ఉండవచ్చు. వాటిని పట్టుకోవడానికి సుద్దముక్క చాలు. పనిముట్టును కొన్ని గంటలు కిరసనాయిలులో నానబెట్టి, పొడిగా తుడిచి, మంటకు దూరంగా ఉంచండి. దాని మీద సుద్దపొడి పలచగా అద్దండి. బీట ఉంటే, దానిలోకి దూరిన నూనెను కేశనాళికీయత వల్ల సుద్ద పైకి పీల్చుకుంటుంది. తెల్లని పొడి మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపిస్తే ఎంత చవకగా వచ్చినా వద్దనండి.

ఇంకొక మాట. నలభై సామాన్ల పెట్టె చవకగా వస్తోందని ఆశపడకండి. వాటిలో ముప్ఫై మీకు ఎన్నడూ అక్కరకు రావు. ఆ డబ్బుతో 10-11, 12-13, 14-15 సైజుల స్పానర్లు, ఒక ప్లేయరు, ఒక సుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు మంచివి కొనండి. మిగతావి అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. పని అయ్యాక తుడిచి, ఒక చుక్క నూనె రాసి పెడితే మీ పిల్లలు కూడా వాడుకుంటారు.

సంతలో ఆ రోజు నేను మిగిల్చుకున్నది కొద్ది రూపాయలు. దానికి బదులు ఒక బోల్టు, నాలుగు కుట్లు, బడి పిల్లల మూడు రోజుల నీళ్ళు ఖర్చయ్యాయి. చవక అంటే ఏమిటో లెక్క వేసేటప్పుడు ఇవన్నీ కలపాలి.

రేపు మీ ఇంట్లోని స్పానర్లను బడికి తీసుకువెళ్ళండి. వాటి మీద ఉన్న నంబరు, వెర్నియర్ చూపిన కొలత పక్కపక్కన పట్టికగా రాయండి. నోరు తెరుచుకున్నవి దొరికితే వాటిని వేరుగా పెట్టి, ఇంట్లో పెద్దలకు కారణం వివరించి చెప్పండి. మీ మాట వింటే ఒక చేయి గాయపడకుండా మిగులుతుంది.