మోటారు సైకిలు ట్యాపెట్లు : ఇంటివద్ద సరిచూచుకొను విధము

గ్రామములలో నేడు మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పాలకేంద్రమునకు పాలు మోయుటకు, చేనికి ఎరువు బస్తా చేర్చుటకు, పంచాయతీ పనిమీద మండల కార్యాలయమునకు పోయివచ్చుటకు, రాత్రివేళ జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అదియే ఆధారమైనది. అట్టి బండి ఒకనాటి తెల్లవారుజామున పది కిక్కులు కొట్టినను పలుకకున్నచో ఇంటిల్లిపాదికిని ఆనాటి పని చెడును.

ఆ మధ్య మేము పర్యటనలో ఒక గ్రామమునకు పోయినప్పుడు పంచాయతీ సభ్యుడొకరు తన బండిని గూర్చి చెప్పిరి. "ట్యాపెట్లు టకటకలాడుతున్నాయని పట్నంలో బిగింపించానండీ. చప్పుడు పోయింది. రెండు నెలలు తిరగకుండానే బండి సత్తువా పోయింది" అని వారు వాపోయిరి. ఇంజను విప్పి చూడగా ఎగ్జాస్టు వాల్వు అంచు ఒక ప్రక్క కాలి, ఎలుక కొరికిన రొట్టెవలె నుండెను. క్రొత్త వాల్వు వేయించి, అది కూర్చుండు పీటను అరగదీయించి బండిని తెచ్చుకొనునంతవరకు వారి పాలు పొరుగువారి బండిమీద పోయినవి. ఇంతకును కారణము వెంట్రుక వాసియంత సందు లేకపోవుటయే.

ఆ సందు ఏమియో, ఎందులకో తెలిసికొందము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో సిలిండరు తలయందు వాల్వులుండును. మన చిన్న బండ్లలో సాధారణముగా రెండు. ఇన్‌లెట్టు వాల్వు పెట్రోలు, గాలి మిశ్రమమును లోనికి రానిచ్చును. ఎగ్జాస్టు వాల్వు కాలిన పొగను సైలెన్సరులోనికి పంపును. రాకరు అను చిన్న ఇనుప చేయి వీనిని నొక్కి తెరచును. స్ప్రింగు తిరిగి మూయును. మన పెద్దలు నీరు తోడిన ఏతమును తలచుకొన్నచో రాకరు పని బోధపడగలదు. ఒక కొన పైకి లేచిన రెండవ కొన క్రిందికి దిగును. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు 3000 మారులు, అనగా సెకనుకు 50 మారులు తెరచి మూసికొనును.

రాకరు కొననున్న మరకును, వాల్వు కాడకును నడుమ కొంచెము సందు విడువవలెను. బండిచక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడుగుట ఎరిగినవారికి దీని కారణము వేరుగ చెప్పనక్కరలేదు. కాగిన ఇనుము పెరుగును. ఇంజను వేడెక్కగా వాల్వు కాడయు పొడవగును. చల్లగా నున్నప్పుడు సందు లేకున్నచో, వేడెక్కిన తరువాత కాడ రాకరుకు ఆని, వాల్వు పూర్తిగా మూతపడదు. ఎగ్జాస్టు వాల్వు నిప్పులలో పనిచేయునట్టిది. మూతపడి పీటకు అదుముకొనియున్న క్షణములోనే అది తన వేడిని పీటకు దించుకొనగలదు. ఆ క్షణము లేకున్నచో మండుచున్న వాయువు సన్నని సందుగుండ దూసుకొనిపోయి దాని అంచును కాల్చివేయును.

సందు ఎక్కువైనచో ట్యాపెట్లు టకటకలాడును, వాల్వు ఆలస్యముగ తెరచుకొనును, మర కొన అరుగును. ఇది చెరుపే. కాని ఈ చెరుపు తన రాకను తానే చాటుకొనును. సందు తగ్గుట అట్లు కాదు. వాల్వును పీటయు ఒకదానిలో నొకటి అరుగుటచే వాల్వు పైకి జరిగి, సందు తనంత తానే పూడుకొనిపోవుచుండును. చప్పుడు నానాటికి తగ్గును. యజమాని తన బండి మెత్తబడినదని సంతోషించుచుండును. కావున చప్పుడు చేయు ట్యాపెట్టు కంటె చప్పుడు చేయని ట్యాపెట్టును మనము ఎక్కువగ అనుమానింపవలెను. కిక్కు కొట్టునప్పుడు కాలికి తగులవలసిన ఎదురు బలము తగ్గుట, వేడెక్కిన ఇంజను నిలకడగా నుండక ఆగిపోవుట, గట్టు ఎక్కునప్పుడు లాగలేకపోవుట దీని గురుతులు. ఇవే గురుతులు ఇతర లోపములవలనను కలుగవచ్చును. అయినను మొదట చూడవలసినది, ఖర్చు లేకుండ చూడగలిగినది ట్యాపెట్లనే.

మన పల్లెలలో ఈ విషయము అంతగా తెలియకపోవుటకు కారణము లేకపోలేదు. వెనుకటి తరమువారు నడపిన రాజదూత్, జావా, ఎజ్డీ బండ్లును, 1985లో వచ్చిన యమహా ఆర్ ఎక్స్ 100 బండియు రెండు స్ట్రోకులవి. వానిలో ఇట్టి వాల్వులే లేవు. ట్యాపెట్ల సంగతి ఎరిగినవారు బుల్లెట్టు యజమానులు మాత్రమే. 1985లో హీరో హోండా వారి సి డి 100, 1994లో స్ప్లెండరు వచ్చిన పిమ్మట నాలుగు స్ట్రోకుల ఇంజను ఇంటింటికి చేరినది. బండి మారినది గాని, ప్లగ్గు తుడిచి కిక్కు కొట్టు పాత అలవాటు మాత్రము మిగిలినది.

కావలసిన పనిముట్లు కొలదియే. ముఖ్యమైనది ఫీలర్ గేజి. విసనకర్ర ఆకులవలె విప్పుకొను పలుచని ఉక్కు రేకుల కట్ట యిది. ప్రతి రేకు మీదను దాని మందము చెక్కబడియుండును. స్ప్లెండరు తరగతి పాత ఇంజనులకు రెండు వాల్వులకును సందు 0.05 మిల్లీమీటరు. తరువాతి నమూనాలకును ఇతర కంపెనీల బండ్లకును ఈ కొలత వేరుగా నుండును, ఎగ్జాస్టుకు ఎక్కువ సందు విడుచుటయు కలదు. కనుక బండితో ఇచ్చిన పుస్తకములోని అంకెనే అనుసరింపవలెను. కొందరు గడ్డము గీచుకొను బ్లేడు పెట్టి సందు చూతురు. బ్లేడు మందము 0.1 మిల్లీమీటరు, అనగా ఈ బండికి కావలసిన దానికి రెట్టింపు. వ్రేళ్లతో కదిపి "సరిపోయిన"దనుట అంతకంటెను నమ్మరానిది. గేజితో పాటు ట్యాపెట్టు మూతలు విప్పుటకు రింగు పానా, లాకు నట్టుకు చిన్న పానా, మరను త్రిప్పు చతురస్రపు కొన తాళము, ప్లగ్గు పానా ఉండవలెను. ఇవి మోటారు విడిభాగముల దుకాణములలో దొరకును.

పని చేయు వేళనుగూర్చి ఒక మాట. ఇంజను చల్లగా నుండవలెను. హోండా వారి పుస్తకములలో 35 డిగ్రీలకు లోపల నుండవలెనని వ్రాయుదురు. మన వైశాఖ జ్యేష్ఠములలో నీడపట్టుననే అంతకు మించిన ఎండ కాయును. కావున రాత్రి అంతయు నిలిపియుంచిన బండిని తెల్లవారుజామున, ఎవరును కిక్కు కొట్టకముందే పట్టుకొనుట మేలు.

మొదట ఇంజను తలమీది మట్టిని తుడిచివేయవలెను; మూత తీసిన రంధ్రములో ఇసుక రేణువు పడిన మనము చేసిన మేలుకంటె కీడు హెచ్చగును. బండిని నడిమి స్టాండుపై నిలిపి, తాళము తీసివేసి, ప్లగ్గును ఊడదీయవలెను. అప్పుడు ఇంజను చేతికి సులువుగా తిరుగును. రెండు ట్యాపెట్టు మూతలను, ఎడమవైపు కవరు మీది రెండు చిన్న మూతలను విప్పవలెను. నడిమి రంధ్రములోని నట్టును గొట్టపు పానాతో ఎడమకు, అనగా గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా త్రిప్పుచు, పై రంధ్రములో చూచుచుండవలెను. చక్రముమీద ఇంగ్లీషు 'టి' అక్షరము ప్రక్కనున్న గీత కవరు మీది గురుతుకు సరిపడగానే ఆపవలెను. గొట్టపు పానా లేనివారు టాపు గేరు వేసి వెనుక చక్రమును ముందునకు త్రిప్పవచ్చును. అట్టివేళ చైను దగ్గర వ్రేళ్లు పెట్టరాదు, పిల్లలను దరిచేరనీయరాదు.

ఇప్పుడు రెండు రాకరులను వ్రేళ్లతో కదిపి చూడవలెను. రెండును రవంత కదలినచో పిస్టను సరియైన స్థానమున నున్నట్లు. ఏదైన బిగుసుకొని యున్నచో ఇంకొక పూర్తి చుట్టు త్రిప్పి గీతను మరల కలుపవలెను. తొందరపాటున ఇచ్చటనే ఎక్కువమంది పొరబడుదురు.

0.05 రేకును మర కొనకును వాల్వు కాడకును నడుమ జొనుపవలెను. వెన్నలో కత్తివలె జారినచో సందు ఎక్కువ. అసలు దూరకున్నచో తక్కువ. రేకును లాగునప్పుడు కొంచెము పట్టి విడిచినట్లుండుట సరియైన పదను. సరిలేనిచో లాకు నట్టును వదులుచేసి, రేకును అందే ఉంచి, మరను కొద్దికొద్దిగా త్రిప్పవలెను. కుడికి త్రిప్పిన సందు తగ్గును. కుదిరిన పిమ్మట మరను కదలనీయక పట్టుకొని నట్టు బిగించి, రేకుతో మరల చూడవలెను. బిగింపులో సందు మారుట పరిపాటి. మూడు నాలుగు మారులు చేయవలసివచ్చినను విసుగుకొనరాదు. నట్టు చిన్నది, మర సన్నది. ట్రాక్టరు నట్టు బిగించు బలము దానిపై చూపరాదు. మూతలలోని రబ్బరు వలయములు పగిలినచో మార్చకున్న నూనె కారును.

పాత పోత ఇనుప బుల్లెట్టు పద్ధతి వేరు. 1955 నుండి మద్రాసులో తయారైన ఈ బండిలో పొడవైన తోపుడు కడ్డీలుండును. కుడివైపు చిన్న మూత తీసిన వాని అడుగు భాగము కనబడును. దానికి గేజి అక్కరలేదు. చల్లని ఇంజనులో రెండు వాల్వులును మూసియున్నప్పుడు కడ్డీ వ్రేళ్లతో సులువుగా గుండ్రముగా తిరుగవలెను, క్రిందు మీదులుగా మాత్రము కదలరాదు. హైడ్రాలిక్ ట్యాపెట్లు గల తరువాతి బుల్లెట్లలో సరిచేయవలసినదే లేదు. రేకుబిళ్లలు మార్చి సందు సరిచేయు పెద్ద ఇంజనులను ఇంటివద్ద ముట్టరాదు. గ్యారంటీ గడువు తీరని బండిని కూడ కంపెనీ కేంద్రమునకే పంపుట మంచిది.

పనిముట్లకై పంచాయతీ నిధిని ముట్టనక్కరలేదు. నలుగురు బండి యజమానులు కలిసి ఒక కట్ట కొని, ఐ.టి.ఐ. చదివిన గ్రామ యువకుని వద్ద నుంచిన చాలును. సభ్యులు ముందుగ తమ బండ్లను చూపించినచో తక్కినవారు తామే వత్తురు. ఒక నోటుపుస్తకములో బండి నంబరు, తేదీ, అప్పటి కిలోమీటర్లు, దొరకిన సందు, విడిచిన సందు వ్రాయించుడు. వచ్చిన ప్రతిమారు సందు తగ్గియే కనిపించు బండి వాల్వు పీట అరుగుచున్నట్లు. అట్టి బండిని పంటకోతల తొందరకు ముందుగనే మెకానిక్కుకు చూపవలెను.

గేజి రేకులకు పని ముగిసిన వెంటనే నూనె రాసి మడచి పెట్టవలెను. తుప్పు పట్టిన రేకు తప్పు కొలతను చూపును.