కారని స్టీరింగ్ కోసం

నూనె ఎందుకు కారుతుందన్న ప్రశ్న దగ్గరే పవర్ స్టీరింగ్ పుట్టింది. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్, బరువు బండి చక్రాలు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థను దగ్గరగా చూశాడు. ఉద్యోగం వదిలి మసాచుసెట్స్‌లోని వాల్తంలో సొంతంగా పని మొదలుపెట్టాడు. నూనె ఒత్తిడితో బరువులు నెట్టే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. వాటిలో నూనె ఎప్పుడూ అధిక పీడనంలో బిగిసి ఉండేది, అందుకే అతుకులన్నీ కారేవి. డేవిస్ వాల్వును తెరిచే ఉంచాడు. బండి నేరుగా పోతున్నంతసేపూ నూనె పెద్దగా ఒత్తిడి లేకుండా పంపులోంచి వచ్చి మళ్లీ పంపుకే చేరుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే వాల్వు దారి ఇరుకై, కావలసిన పక్కన పీడనం పెరుగుతుంది. ఇంత సులువైన ఊహ ముందెవరికీ తట్టకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1926లో ఆ ఏర్పాటున్న కారును ఆయన డెట్రాయిట్ తీసుకెళ్లి చూపించాడు. జనరల్ మోటార్స్ ఆసక్తి చూపింది గానీ ఆర్థికమాంద్యంలో ఖర్చుకు జంకి 1934లో తప్పుకుంది. యుద్ధకాలంలో సైనిక వాహనాలకు అది అక్కరకొచ్చింది. 1951లో క్రిస్లర్ ఇంపీరియల్‌తో మామూలు కొనుగోలుదారుల చేతికందింది. అప్పటికి డేవిస్ తొలి పేటెంట్ల గడువు తీరిపోయింది.

వాల్వు తెరిచి ఉంచినా రబ్బరు సీళ్లకూ పైపులకూ వయసు రాక తప్పదు. 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌నే చూడండి. దాని పంపు ఇంజను దగ్గర, కంట్రోల్ వాల్వు, సిలిండరు రెండూ కింద స్టీరింగ్ రాడ్ల దగ్గర ఉంటాయి. వాటిని కలిపే హోస్ పైపులు నాలుగు. ఎక్కడ కారినా నూనె జారి కిందికే చేరుతుంది కాబట్టి చుక్క పడిన చోటు చూసి సీలు కొంటే డబ్బు దండగ. ముందు అంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగ్ ఇటూ అటూ తిప్పాలి, ఇంకొకరు టార్చితో చూడాలి. తడి మొదలైన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే దోషి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టి ఉంచకండి, ఆ క్షణంలో పీడనం గరిష్ఠానికి చేరుతుంది. పైపును చేత్తో తడమవద్దు. సన్న రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి.

సిలిండరు రాడ్ దగ్గర కారుతుంటే సీళ్ల కిట్ చాలు. అయితే పాత సీలు తీశాక రాడ్ మీద గోరు ఆనించి నిదానంగా జరపండి. గోరుకు గీత తగిలిందంటే కొత్త సీలునూ ఆ గీత కోసేస్తుంది, అప్పుడు సిలిండరునే మార్చాలి. పగుళ్లు పట్టిన హోస్‌ను చుట్టి కట్టే ప్రయత్నం మానండి. వేడెక్కిన సైలెన్సర్ పైపు మీద ఆ నూనె పడితే మంటలు లేవగలవు. రబ్బరును ఉబ్బించి కారడం ఆపే సీసా మందులు కొన్నాళ్లే పనిచేస్తాయి.

బిగింపు అయ్యాక ముందు చక్రాలను జాకీతో పైకెత్తి, స్టాండ్ల మీద నిలిపి, కంపెనీ చెప్పిన నూనె పోయండి. ఇంజను ఆపి ఉంచి స్టీరింగ్ పలుసార్లు ఇటూ అటూ తిప్పితే లోపలి గాలి బుడగలుగా పైకొస్తుంది. నురగ తగ్గాకే ఇంజను స్టార్ట్ చేయండి. బండి కింద తెల్ల కాగితం పరిచి, వారంపాటు పొద్దున్నే చూడండి.