వేపచెట్టుకూ డేగకూ పోలిక ఏమిటి?



“చెట్టునూ పక్షినీ పోల్చండి” అంటే మన పిల్లలు వెంటనే పట్టిక గీసేస్తారు. చెట్టు కదలదు, పక్షి ఎగురుతుంది. చెట్టు ఆహారం తయారు చేసుకుంటుంది, పక్షి వెతుక్కుంటుంది. మార్కులు వచ్చేస్తాయి. మరి పోలికలేవీ?

తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో జనమంతా వజ్రాల కోసం నేలచూపులు చూస్తుంటారు. మీరూ అటు వెళితే పిల్లల్ని కాసేపు తల పైకెత్తమనండి. గట్టు మీది వేపచెట్టులో పావురమంత డేగ కనిపించవచ్చు. ఇంగ్లిషులో షిక్రా అంటారు. అప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: మొన్నటి మే ఎండను ఈ రెండూ ఎలా తట్టుకున్నాయి?

వేపాకు అడుగున కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. వాటి నుంచి నీరు ఆవిరవుతూ ఆకు వేడిని తీసుకుపోతుంది. డేగకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతుంది, నోటిలోని తడి ఆరుతూ ఒళ్లు చల్లబడుతుంది. మీ ఇంట్లో మట్టికుండ చేసేదీ ఇదే పని!

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురంలో ఆ నీరెక్కడిది? వేప లోతైన వేళ్లతో తోడుకుంటుంది. డేగకు చాలావరకు అది తినే తొండలు, ఎలుకలు, చిన్న పిట్టల ఒంట్లోని నీరే ఆధారం. నేల మరీ ఎండితే వేప రంధ్రాలు మూసుకుంటుంది. నీరు మిగులుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, ఆహార తయారీ తగ్గుతుంది. పొదుపుకూ ఖర్చుందన్నమాట.

సంతానం విషయంలో మాత్రం దారులు వేరు. వేప వేల పండ్లు కాసి, విత్తనాలు చల్లే పని గోరింకల వంటి పక్షులకు వదిలేస్తుంది. డేగ వేసవిలో సాధారణంగా మూడు నాలుగు గుడ్లే పెట్టి, పిల్లలు ఎగిరేదాకా మేపుతుంది. అందుకే వేసవిలో గూడున్న చెట్టు కొట్టేస్తే ఆ గూటిలోని సంతానమంతా పోయినట్టే. ఎలుకల మందు సంగతీ చూడండి. కొన్ని రకాలు తిన్న ఎలుక వెంటనే చావదు. మందకొడిగా తిరిగే ఆ ఎలుకను డేగ తింటే విషం దానికీ చేరుతుంది. వేరుశనగ చేలో ఎలుకలను జీతం లేకుండా పట్టేది అదే కదా.

గూడు కనిపిస్తే దూరం నుంచే చూడనివ్వండి. జంటలో పెద్దది ఆడది. కన్ను మరింత ఎర్రగా ఉన్నది మగది.