జూన్‌లో ఎక్కడ, ఏప్రిల్‌కి ఎక్కడ? ప్రాథమిక బడుల ఏడాది లక్ష్యాలపై అపోహలు – వాస్తవాలు

జూన్ 12 ప్రాంతంలో తెరిచిన బడి ఏప్రిల్ 23 దాకా నడుస్తుంది. ఈ వ్యవధిలో ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మంగళగిరిలో మగ్గం మీద బతికే ఇళ్ల పిల్లలకూ, చుట్టుపక్కల ఊళ్లలో పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్లే ఇళ్ల పిల్లలకూ చదువంటే చాలావరకు ఆ 800 గంటలే. ట్యూషన్లుండవు, రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తీరిక ఎవరికీ ఉండదు. ఆ గంటల చివర పిల్లలు ఏం చేయగలగాలో ముందే రాసుకోవడమే ఏడాది లక్ష్యం. దాని చుట్టూ పేరుకున్న అపోహలకు మూల్యం చెల్లించేది ఈ పిల్లలే.

అపోహ: లక్ష్యమంటే నూటికి నూరు శాతం పాస్.

ఐదో తరగతిలో ఒక పాప ఒత్తుల దగ్గరే ఆగిపోతుంది, పక్కనున్న బాబు పేజీ మొత్తం గడగడా చదివేస్తాడు. పాస్ గీత ఒక్కటే గమ్యమైతే టీచర్ శ్రమంతా ఆ గీతకు కాస్త కింద ఉన్న నలుగురైదుగురి మీదే పోతుంది. మరీ వెనకబడినవాళ్లు ఎలాగూ అందుకోరు, ముందున్నవాళ్లు ఎలాగూ దాటేస్తారు. మరి ఎక్కడి నుంచి కొలవాలి? దీనికి మన రాష్ట్రంలోనే ఒక మంచి జవాబు దొరికింది, కానీ మన బడుల్లో దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని నడిపారు. బడి తెరిచిన కొత్తలో తెలుగులో, గణితంలో పిల్లల స్థాయి తెలుసుకుని, ఏడాది చివర మళ్లీ పరీక్షించారు. కొన్ని బడుల్లో టీచర్లకు బోనస్ ప్రకటించారు. సగటు స్కోరు 5 శాతం పాయింట్లకు మించి ఎంత పెరిగితే, ఒక్కో పాయింటుకు 500 రూపాయల చొప్పున ఇచ్చారు. లెక్కలోకి వచ్చింది తరగతిలో పిల్లలందరూ మొదటి స్థాయి నుంచి ఎంత ఎదిగారన్నదే. పాస్ గీత అంటూ ఏదీ పెట్టలేదు. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు పోలిక కోసం ఎంచుకున్న, బోనస్ లేని బడులవాళ్లకంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం ముందున్నారు. గణితం సంగతి తేలిక మాటల్లో చెప్పాలంటే, నూరుమందిలో 50వ స్థానంలో ఉండే పిల్లవాడు దాదాపు 40వ స్థానానికి ఎగబాకాడు. టీచర్ల హాజరులో మాత్రం తేడా కనిపించలేదు. మరి ఏం మారిందంటే, వచ్చిన టీచర్లు అదనపు తరగతులు పెట్టారు, అభ్యాస పరీక్షలు ఎక్కువ చేయించారు, వెనకబడినవాళ్లను ప్రత్యేకంగా పట్టించుకున్నారు.

అపోహ: తెలుగు, లెక్కల మీదే గురిపెడితే మిగతా సబ్జెక్టులు దెబ్బతింటాయి.

అదే అధ్యయనంలో సైన్సుకూ సాంఘికానికీ ఏ బోనసూ లేదు. అయినా వాటిలోనూ ఆ బడుల పిల్లలే మెరుగ్గా రాశారు. చదవడం వచ్చినవాడికి పరిసరాల విజ్ఞానం పాఠం కూడా అర్థమవుతుంది కదా.

అపోహ: పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడున్నారో పట్టిక చేతికిస్తే లక్ష్యం పెట్టినట్టే.

ఇప్పటి పద్ధతులకు అన్నిటికంటే గట్టి హెచ్చరిక ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ 500 బడుల్లోనే 100 బడుల టీచర్లకు బోనస్ లేకుండా, పిల్లలకు ఏది వచ్చో ఏది రాదో వివరంగా చెప్పే నివేదికలు ఇచ్చారు. పర్యవేక్షకులు తరగతికి వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గానే కనిపించారు. ఏడాది చివర పిల్లల స్కోర్లలో మాత్రం ఏ మెరుగూ లేదు. బేస్‌లైన్ (ఏడాది మొదట్లో పెట్టే పరీక్ష) మార్కులు యాప్‌లో ఎక్కించడంతో పని అయిపోయిందనుకునే చోట కూడా జరిగేది ఇదే. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాని ఆరుగురికి రేపటి నుంచి ఎవరు, ఏ పీరియడులో, ఎన్ని వారాలు చెబుతారో పట్టిక కింద రాసి ఉంటేనే అది లక్ష్యమవుతుంది.

అపోహ: నిమిషానికి 60 పదాలు చదివితే మూడో తరగతి లక్ష్యం పూర్తి.

ఈ అంకె 2021 జూలై 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ నుంచి వచ్చింది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం వచ్చి ఉండాలని, అది 2026–27కల్లా జరగాలని దాని సంకల్పం. ఒకటో తరగతికి నాలుగైదు పదాల చిన్న వాక్యాలు, 99 దాకా అంకెలు. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 999 దాకా అంకెలు. మూడుకు 60 పదాలు, 9999 దాకా అంకెలు. మంచి మెట్లే. కానీ తెలుగులో ‘చదువుకుంటున్నప్పుడు’ అన్నది ఒక్క పదం. విభక్తులూ క్రియలూ అతుక్కుపోయే మన భాషలో 60 పదాలకూ, పొట్టి పదాల భాషలో 60 పదాలకూ పోలిక లేదు. ఆ తేడా గుర్తించే 2022లో జాతీయ స్థాయిలో మూడో తరగతి పిల్లలతో జరిపిన ప్రాథమిక అభ్యసన అధ్యయనంలో 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలు కట్టారు. పైగా నిపుణ్ లక్ష్యం అర్థం చేసుకుంటూ చదవడమే, ఉత్త వేగం కాదు. గడియారం పట్టుకుని పరుగెత్తించి, చదివిందేమిటని అడగకుండా వదిలేస్తే సగం లక్ష్యం గాల్లో కలిసినట్టే.

అపోహ: సిలబస్ పూర్తిచేయడమే టీచర్ బాధ్యత.

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ పాఠ్యప్రణాళిక సకాలంలో పూర్తిచేయమంటుంది. ఆ వెంటనే, ప్రతి బిడ్డ అభ్యసన శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయమని కూడా అంటుంది. రెండోదాన్ని చాలామంది మరిచారు.

అపోహ: లక్ష్యాలు బడి లోపలి వ్యవహారం, తల్లిదండ్రులకు ప్రోగ్రెస్ కార్డు చూపితే చాలు.

ఇదీ చట్టంతో పొసగదు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను 22వ సెక్షన్ కింద పాఠశాల యాజమాన్య కమిటీయే తయారుచేయాలి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులూ సంరక్షకులే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పటి నుంచి అమ్మానాన్నలు బడి గడప తొక్కడం పెరిగింది, సంతోషం. అలాంటి సమావేశానికి వెళ్లిన రోజు ‘మా వాడికి ఎన్ని మార్కులండీ’ అని మాత్రమే అడక్కండి. ‘జూన్‌లో ఏం చదవగలిగేవాడు, ఇప్పుడేం చదువుతున్నాడు? ఒకసారి నా ముందు చదివించండి మేడం’ అని అడగండి. అక్షరం రాని తల్లికి కూడా బిడ్డ తడబడుతున్నాడో లేదో చెవికి తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల కూలి పనులకు, గుంటూరు వైపు వచ్చే కుటుంబాల పిల్లలు మిరప కోతల కాలంలో ఏడాది మధ్యలో ఇక్కడి బడిలో చేరతారు. వాళ్లను జూన్ పట్టికతో కొలిస్తే అన్యాయం, లెక్కలోంచి తీసేస్తే అంతకంటే అన్యాయం. చేరిన రోజే ఒక పేజీ చదివించి, రెండు లెక్కలు చేయించి, ఆ తేదీనే వాళ్ల మొదటి గీతగా రాసుకోవాలి. కోతలయ్యాక ఊరికి తిరిగి వెళ్తున్నప్పుడు ఆ కాగితం నకలు తల్లి చేతికిస్తే, అక్కడి టీచర్ బిడ్డకు మళ్లీ మొదటినుంచి పరీక్ష పెట్టక్కర్లేదు.